అమ్మవారి రవికెల గుడ్డ

పెనుమూడి కావేరి వ్యాను తాళం తీసుకోగానే ముందు కళ్ళకద్దుకుంటుంది. ఆ తరువాత కూలెంటు డబ్బాలో మట్టం చూస్తుంది, ఆయిలు పుల్ల లాగి తుడిచి మళ్ళీ ముంచి చూస్తుంది, టైర్లు తట్టి చూస్తుంది. తెనాలిలో మెకానిక్కు జకరయ్య ఓపిగ్గా నేర్పిన పని అది.

చూపు మందగించిన భర్త బసవేశ్వరరావును ఇక బండి నడపొద్దన్నాడు డాక్టరు. అప్పుడు కావేరి డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సూ వచ్చింది. రానిదల్లా అత్తగారు అంకమ్మ నమ్మకమే. ఇంతలో వ్యాను కొంటామని పొన్నూరు నుంచి కబురొచ్చింది.

"సూర్యలంక తీసుకెళ్ళి నాకు కార్తీక స్నానం చేయించు. బండి దారిలో ఇబ్బంది పెట్టలేదా, ఉంచుకో. పెట్టిందా, పొన్నూరోళ్ళకి ఇచ్చేద్దాం" అంది అంకమ్మ.

ఆ సోమవారం తెల్లవారగానే కావేరి తన పరీక్షలన్నీ ముగించి స్నానానికి వెళ్ళింది. అప్పుడు అంకమ్మ బండికి పసుపు రాసి, బొట్లు పెట్టి, గుడిలో అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చిన ఎర్ర రవికెల గుడ్డను బండి ముందు భాగంలో గాలి వెళ్ళే జాలీకి కట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

"అమ్మవారు ముందుంటే, నీ డ్రైవింగు ఎట్టా ఉన్నా నాకు భయం లేదే అమ్మాయ్!"

కావేరి నవ్వి దండం పెట్టుకుంది. పూజ అయిన బండిని మళ్ళీ వంగి చూడాలని ఆమెకు తోచలేదు.

కర్లపాలెం దగ్గరకు వచ్చేసరికి ఇంజను వేడి చూపే ముల్లు పైకి పాకసాగింది. బాపట్ల ఇక ఎంతో దూరం లేదు. ఎలాగోలా లాగించేస్తే అత్తగారికి తెలియను కూడా తెలియదు. కానీ కావేరి ఒక టీకొట్టు పక్కన ఆపి ఇంజను కట్టేసింది.

"ఆగిపోయిందిగా!" వెనక సీట్లో కొడుకు పక్కన కూర్చున్న అంకమ్మ అంది.

"లేదండి అత్తయ్యా, నేనే ఆపాను. బాగా వేడెక్కింది."

"ఏదైతేనేం, పొన్నూరోళ్ళ అదృష్టం."

టీకొట్టు నడిపే అమ్మాయి జెన్నిఫర్ ఎవరూ అడగకుండానే అంకమ్మకు కుర్చీ వేసి, బిందెడు నీళ్ళు తెచ్చింది.

"రేడియేటరు మూత తీసి పోసేద్దామా అక్కా?"

"అమ్మో, ఇప్పుడు తీస్తే ఆవిరి మొహాన కొడుతుంది. చల్లారనీ అమ్మా."

ఇంజను చల్లబడేదాకా అందరూ టీ తాగారు. డబ్బాలో కూలెంటు సరిగ్గానే ఉంది. కింద ఎక్కడా కారలేదు, బెల్టు తెగలేదు. చివరికి కావేరి ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. అంచులు మాత్రమే బయట కనపడుతూ, రవికెల గుడ్డ జాలీలోంచి లోపలికి పోయి రేడియేటరుకు అట్టలా అంటుకుని ఉంది. ఇంజను చల్లబడడానికి గాలి పోయే దారే లేదు.

చెయ్యి చాపింది, వెనక్కి తీసుకుంది. అమ్మవారి గుడ్డ. పైగా కట్టింది అత్తగారు.

"అత్తయ్యా, బండికి ఊపిరాడట్లేదండి. ఒకసారి చూస్తారా?"

అంకమ్మ వంగి చూసింది.

"నేనే కట్టానే!"

బసవేశ్వరరావు పకపకా నవ్వాడు.

"నువ్వు నవ్వమాకరా! నీకు కళ్ళు కనపడవు, నాకు బుర్ర పనిచేయదు. ఈ పిల్లే మనిద్దరినీ మోస్తుంది." అంకమ్మ లెంపలేసుకుని తన చేత్తోనే ముడి విప్పింది.

ఆ తరువాత ముల్లు సగం దగ్గరే నిలబడింది. సూర్యలంకలో స్నానమయ్యాక అంకమ్మ ఆ గుడ్డను మంచినీళ్ళతో ఉతికి సీటు మీద ఆరేసింది. బయలుదేరేముందు కోడలికి బొట్టు పెట్టి, రెండు అరటిపళ్ళతో దాన్ని చేతిలో పెట్టింది.

"కుట్టించుకో. కాస్త మసి మరకుంది, చంక కిందకు పోతుందిలే."

"మరి పొన్నూరు వాళ్ళకేం చెప్పమంటావే అమ్మా?" అన్నాడు బసవేశ్వరరావు.

"బండి అమ్మట్లేదని చెప్పు. వచ్చే మంగళవారం నన్ను మోపిదేవి ఎవరు తీసుకెళ్తారు, నువ్వా?"

కావేరి తాళం కళ్ళకద్దుకుని, అలవాటుగా బండి ముందుకు నడిచింది. అంకమ్మ అప్పటికే అక్కడ నడుం వంచి జాలీలోకి తొంగి చూస్తోంది.

"ఏమీ అడ్డం లేదు. పోనీయ్."