ఇరవయ్యో కండెన్సర్

బంగారుపాళ్యంలో రేడియోలు బాగుచేసే ధనంజయ ఎవరింటికి వెళ్లినా మనుషుల మొహం చూడడు. తలెత్తి ఫ్యాను చూస్తాడు. పెళ్లిచూపుల్లోనూ అంతే.

"పిల్ల ఎట్లుండాదిరా?" అని వాళ్లమ్మ శకుంతలమ్మ అడిగితే, "రెండున్నర ఉండాల్సింది, ఒకటిన్నరకి దిగిపోయిందిమా" అన్నాడు. ఆ ఇంటి ఫ్యానును తిప్పే కండెన్సర్ బలం లెక్క అది! పిల్ల ఇంకొకరింటి కోడలైంది.

నీరసంగా తిరిగే ఫ్యాను కనబడితే చాలు, "దుమ్ము దులపతా" అని స్టూలెక్కేస్తాడు. ఊరంతా నమ్మింది. పక్కింటి సిద్ధమ్మ నమ్మలేదు. అతని పెట్టెలో పంతొమ్మిది పాత కండెన్సర్లు ఆమె కంటపడ్డాయి మరి.

తొంభై ఎనిమిది ఎండాకాలం. గాల్లో మెరుపులు పుట్టించే టెస్లా కాయిల్ చేశానని ధనంజయ వీధంతా చాటాడు. సాయంత్రానికి అది పనిచెయ్యకపోతే సామానంతా పాత ఇనుము బండికి వేస్తానని శకుంతలమ్మ ఒట్టేసుకుంది. అతను సిద్ధమ్మ గుమ్మంలో తేలాడు.

"అక్కా, మీ ఫ్యాను కండెన్సర్ ఒక గంట ఇయ్యవా?"

"దొంగ బయటపడినాడు! అంగట్లో కొత్తది లేదా?"

"కొత్తదానికి బలమెక్కువక్కా, కాయిల్‌తో శృతి కలవదు. నీరసపడిందే కావాల. ట్రాన్స్‌ఫార్మర్ ఎనిమిది వేల ఓల్టులు కక్కతాది. ఒక్కోటి నాలుగొందలే తట్టుకుంటాది. ఇరవై వరసగా కడితే బరువు పంచుకుంటాయి. పంతొమ్మిదైతే పేలతాయి."

"లోపల నా కూతురు జయంతి పచ్చిబాలింత. బిడ్డ ఉక్కకి ఏడస్తా ఉంటే నీకు వరసలు కావాల్నా?"

ధనంజయ మొహం మాడిన దోసెలా అయిపోయింది.

"సరే, తీసుకుని ఏడువు. గంటలో తెచ్చి పెట్టకుంటే నీ చెవులు పీకి కడతా!"

ఆమె ఫ్యాను తుడిచే గుడ్డ తెచ్చేలోపే అతను స్టూలు దిగి పరుగెత్తాడు. గంట దాటనివ్వకూడదని ఆమె కూడా వెంటే వెళ్లింది.

సాయంత్రం స్విచ్చి నొక్కగానే రాగి తీగ చుట్టిన గొట్టం కొసన ఊదారంగు మెరుపులు వేళ్లు చాపి గాలిని గీరాయి. ఇరవై కండెన్సర్లూ బుద్ధిగా నిలబడ్డాయి. దూరంగా నిలబడిన సిద్ధమ్మ చేతికి ధనంజయ ఒక ట్యూబులైటు ఇచ్చాడు. తీగ లేదు, ప్లగ్గు లేదు. అది వెన్నెలలా వెలిగింది. అరవై ఏళ్లలో మొదటిసారి ఆమె నోట తిట్టు రాలేదు. శకుంతలమ్మ ఇనుము బండిని వెనక్కి పంపేసింది.

తేరుకున్నాక సిద్ధమ్మకు బిడ్డ గుర్తొచ్చింది. విసనకర్ర పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. లోపల జయంతి బిడ్డకు దుప్పటి కప్పుతోంది.

"ఫ్యాను తగ్గించుమా, పిల్లోడు వణకతా ఉండాడు. ధనంజయన్న కొత్త కండెన్సర్ ఏసి పోయినాడే, నీకు సెప్పలేదా?"

సిద్ధమ్మ వీధిలోకొచ్చి నలుగురినీ అడిగింది; అతను దుమ్ము దులిపినప్పటి నుంచి అందరి ఫ్యాన్లూ కొత్తవాటిలా తిరుగుతున్నాయట. పంతొమ్మిది ఇళ్లలోనూ పాతది తీసి కొత్త కండెన్సర్ వెయ్యడమే అతను దులిపిన దుమ్ము!

గోడ మీంచి అరిచింది. "ఒరే ధనంజయా! కొత్తది ఏస్తానని ముందే సెప్పేదానికి నోరు పడిపోయిందా?"

"సెప్తే కొత్తదాన్ని పెట్టెలో దాసిపెట్టి, పాతదాంతోనే ఏగతావు గదక్కా!"

సిద్ధమ్మ చేతిలోని విసనకర్రను గోడ మీంచి అతని మీదకి గిరాటేసింది. నిజంగా అదే చేసి ఉండేది మరి.