నీళ్ళు ఎక్కడ వంగినాయి

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా సైన్సు క్లాసులో లేచి నిలబడి, భూమి గుండ్రంగా లేదని వాదించి వచ్చింది. సాయంత్రం ఆ సంగతి విని నాకు తల కొట్టేసినట్టయింది. విడవలూరు మండలంలో, సముద్రానికి దగ్గర ఊళ్ళో నేను నర్సును. నలుగురికీ తెలిసిన మనిషిని.

"పుస్తకంలో బొమ్మేసి మరీ ఉంటే నీకేం పొయ్యేకాలం మే?" అన్నాను.

"బొమ్మ ఎవురైనా వేస్తారు. నీళ్ళ సంగతి చెప్పమను," అంది.

నీళ్ళ సంగతి ఇది. మా నాన్నది సంగం ఊరు, వరి సేద్యం. నాట్లకు ముందు వరి కయ్యను దమ్ము చేయించి, నీళ్ళు పెట్టి, గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తాడు. నీళ్ళపైకి మట్టి తేలిన చోట చెక్కించి పల్లంలో వేయిస్తాడు. కయ్యంతా నీళ్ళు ఒకే తీరున నిలబడితే చదును కుదిరినట్టు. సెలవులన్నీ ఆ గట్టు మీదే గడిపిన పిల్ల ఇది. కయ్యలో నీళ్ళు చదునుగా ఉంటాయి కదా, సముద్రంలోవీ నీళ్ళే కదా, భూమి గుండ్రమైతే అవి ఎక్కడ వంగినాయో చూపించమని అడిగిందట.

క్లాసంతా విరగబడి నవ్విందట. సైన్సు మాస్టారు నవ్వలేదు. "నవ్వినోళ్ళలో ఒకరు లేచి చెప్పండి, ఎక్కడ వంగినాయో," అన్నారట. ఒక్కరూ లేవలేదు. ఆయన కూడా చెప్పలేదు. "చూద్దాం," అని పాఠంలోకి వెళ్ళిపోయారట.

మాస్టారు ఊరుకున్నా పిల్లలు ఊరుకుంటారా. మర్నాటి నుంచి దానికి బల్లపరుపు అని పేరు పెట్టారు. అది గేటు దాటితే చాలు, బల్లపరుపు వచ్చిందని ఒకటే నవ్వులు. కొన్నాళ్ళకు ఇంట్లో కూడా దాని ప్రశ్నలు ఆగిపోయాయి. నేను చేపలు కడుగుతుంటే మొప్పలెందుకు ఎర్రగా ఉంటాయి, ఉప్పునీళ్ళు తాగి చేప ఎట్లా బతుకుతుంది అని నా ప్రాణం తోడేసే పిల్ల, తల వంచుకుని తిని లేచిపోయేది. కాసేపు నోరు మూసుకుంటే బాగుండునని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. నిజంగా మూసుకున్నాక భయం వేసింది. ఇక ఎక్కడా చెయ్యెత్తి ఏదీ అడగదేమో అనిపించింది.

ఆ చలికాలం చివర్లో మాస్టారు కబురు పెట్టారు. తెల్లవారకముందే పిల్లల్ని సముద్రం పక్కనున్న తుఫాను షెల్టరు దగ్గరికి తీసుకురావాలట. స్కూటీ మీద దాన్ని కూర్చోబెట్టుకుని, చలికి పళ్ళు కొట్టుకుంటూ, ఆయన్ని మనసులో నాలుగు తిట్టుకుంటూ వెళ్ళాను.

సగం మందిని షెల్టరు మిద్దె ఎక్కించారు, సగం మందిని ఇసుకలో కూర్చోబెట్టారు. "సముద్రం నీళ్ళు బల్లపరుపుగా ఉంటే మిద్దె మీదోళ్ళకీ కిందోళ్ళకీ పొద్దు ఒకేసారి కనపడాల. వంగి ఉంటే మిద్దె మీదోళ్ళకి ముందు కనపడాల," అన్నారు. ఇంత చిన్న మాట నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. అప్పటికే నా చలి సగం పోయింది.

ఆ రోజు మబ్బు. అందరం ఊరికే తిరిగొచ్చాం. మరునాడు ఆకాశం బాగుంది కానీ, సూర్యుడి అంచు కనపడగానే మిద్దె మీది పిల్లలు కేకలు పెట్టారు, ఆ కేకలు విని కింద వాళ్ళూ పెట్టారు. ఎవరు ముందో తేలలేదు. అయినా అందరూ మిద్దె వాళ్ళే ముందని తీర్మానించేశారు. మా అమ్మాయి మాత్రం మూతి విరిచింది. అది మాస్టారి కంట పడింది.

మూడో రోజు పద్ధతి మార్చారు. కేకలు లేవు. మిద్దె మీద వాళ్ళు ఎర్రగుడ్డ ఎత్తాలి, ఇసుకలో వాళ్ళు చెయ్యెత్తాలి. రెండూ చూసి చెప్పడానికి మా అమ్మాయిని పిలిచారు. పిల్లలు గొణిగారు. "అది నమ్మదు సార్," అన్నాడొకడు.

"అందుకే దాన్ని పెట్టినా. మీరు నమ్మేసినారు, మీకు నమ్మిందే కనపడతాది," అన్నారు మాస్టారు.

అలల అంచున, సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. అందరూ సూర్యుడి కోసం చూస్తుంటే అది మాత్రం వాళ్ళనే చూస్తోంది. మిద్దె మీద గుడ్డ లేచింది. ఇసుకలో ఒక్క చెయ్యీ లేవలేదు. నాలుగైదు ఊపిర్లు తీసేంతసేపు అలాగే గడిచింది. నేనూ ఇసుకలోనే కూర్చున్నాను, నా ముందు ఇంకా ఉత్త సముద్రమే. తర్వాత ఎర్రటి అంచు తేలింది, చేతులన్నీ లేచాయి.

"ఏమ్మా?" అన్నారు మాస్టారు.

"గుడ్డే ముందు లేచింది సార్." మళ్ళీ మిద్దె వైపు చూసి, "మిద్దె మీదోళ్ళు తొందరపడినారేమో. రేపు వాళ్ళని దించి వీళ్ళని ఎక్కించాల," అంది.

పిల్లలంతా ఉసూరుమన్నారు. మాస్టారి మొహం చూడాలి ఆ క్షణాన. గెలిచిన మనిషి మొహం అది. తాను చెప్పింది నిజమని తేలినందుకు కాదు, ఈ పిల్ల మళ్ళీ అడిగినందుకు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చలిగాలి మీదికి నెట్టేశాను.

మరునాడు తారుమారు చేసి చూశారు. పైకెక్కిన వాళ్ళకే ముందు కనపడింది. అప్పుడు చెప్పారాయన, భూమి అన్నిటినీ తన నడిమధ్యకు లాగుతుందని, నీళ్ళు ఆ లాగుడుకు తగ్గట్టే నిలబడతాయని, అందుకే సముద్రం భూమితోపాటే వంగుతుందని. "మీ తాత కయ్య కూడా అంతేమ్మా. చిన్నది కాబట్టి ఆ వంపు కంటికి ఆనదు," అన్నారు.

దారి పొడుగునా స్కూటీ వెనక నుంచి ఒకటే ప్రశ్నలు. కొండెక్కితే ఇంకా ముందు కనపడతాదా, విమానంలోవాళ్ళకో. వింటుంటే హాయిగా ఉంది. ఇంటికి రాగానే నా ఫోను లాక్కుని సంగంలో వాళ్ళ తాతకు చేసింది.

"తాతా, నీ కయ్యలో నీళ్ళు వంగి ఉండాయి."

మా నాన్న గొంతు నాకూ వినపడింది. "నా కయ్యలోనా? ఎవురు చెప్పినారే నీకు?"

"ఎవురూ చెప్పలా తాతా. సముద్రం కాడ నేనే చూసినా."