వంకలో పారేసిన యాక్సిల్

ఇలా దగ్గరికొచ్చి కూర్చోండమ్మా, నా తెలివితక్కువ పని చెబుతాను. కొన్న మూడో నెలకే మా అబ్బాయి ఆటో యాక్సిల్ పెద్దకడుబూరు దారిలో విరిగింది. మెకానిక్ విప్పిన ముక్కలు వాకిట్లో పెట్టాడు. విరిగిన ఇనుము ఇంట్లో ఉంటే అరిష్టమని, నేను వాటితో ఆటోకి దిష్టి తీసి, పారే వంకలో పడేశాను.

మరునాడు బండి కాగితాలతో ఇద్దరం ఆదోని షోరూముకు వెళ్ళాం.

"వారంటీ ఉందిలేప్పా. విరిగిన ముక్కలు తెచ్చిస్తే కొత్తది ఉత్తగానే ఇస్తాం," అన్నాడు షోరూమాయన.

"ఇంటికాడ ఉండాయన్నా, రేపు తెస్తా," అన్నాడు మావాడు.

నేను తల వంచుకుని నిజం చెప్పాను.

"బండి దిష్టి తీసి వారంటీకి తగిలించినావు కదమ్మా!" అని ఆయన నవ్వాడు.

వంకంతా వెతికినా ముక్కలు దొరకలేదు. కొత్తది కొనే డబ్బు లేక ఆటో మూలపడింది, మావాడు పత్తి కూలికి పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నా గుండె బరువు తగ్గేది. మీ ఇల్లు చల్లగుండాలి, మీ బిడ్డల బండ్లు దారిలో ఆగకూడదు తల్లీ.