నా నాలుకను కాపాడిన వెలుతురు

సహోదరులారా, సహోదరీలారా, మా ఆళ్లగడ్డ సంఘంలో పాట ఎత్తేది నేనే, అలాంటిది నా నాలుక పక్కన పుండు లేచి, ఎన్ని మందులు పూసినా మానక గడ్డగా మారితే, నంద్యాల డాక్టరు అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించి క్యాన్సరని చెప్పారు! నాలుకను కదిలించే నరం ఆ గడ్డ పక్కనే ఉందట, అది తెగితే మాట ముద్దగా వస్తుందట, ఇక పాట ఎక్కడిది?

"ప్రభువా, నీ పాట పాడే నాలుక ఇది, నీకు కావాలంటే నువ్వే కాపాడుకో" అన్నాను. అది ప్రార్థనో పోట్లాటో నాకే తెలియదు.

దేవుడు హైదరాబాదులో ఒక ఆసుపత్రికి దారి చూపాడు. అక్కడ లేజరుతో కోసే ముందు సన్నని వెలుతురు వేసి చూస్తారు, గడ్డ, కండ, నరం ఒక్కొక్కటి ఆ వెలుతురును ఒక్కో రకంగా తిప్పి పంపుతుందట, నరమని తేలితే లేజరు తనంతట ఆగిపోతుందట! ఇది ఇంకా పరీక్షిస్తున్న పద్ధతేనని దాచకుండా చెప్పారు. నేను ధైర్యంగా ఒప్పుకున్నాను.

ఆపరేషను రోజు మత్తు ఇవ్వకముందు నోట్లో వెలుతురు వేసి చూసిన డాక్టరు నొసలు ముడిచారు. మంచి కండ కూడా తేడాగా మెరుస్తోంది! ఏం పూశారని బయటున్న మా అత్తను పిలిచి అడిగితే, "ప్రార్థన నూనె సారూ. రొంత పసుపు కలిపి రాస్తి. పసుపు లేకుంటే పుండెట్ల మానుతాది?" అంది. ఆ వెలుతురు కింద పసుపు తానే మెరుస్తుందట! నోరు బాగా కడిగించి ఆపరేషను మరుసటి రోజుకు వాయిదా వేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మాత్రం మంచం పక్కన మోకరించి, "యేసయ్యా, తెలీక చేస్తి, నా కోడలి పాట తీసకపోవద్దు నాయనా" అని ఏడ్చింది, ఆ మాట వినేసరికి నా కోపమంతా కరిగిపోయి నేనూ ఆమె చేయి పట్టుకుని ఏడ్చాను.

మరుసటి రోజు నరం దగ్గర లేజరు ఆగిందట, డాక్టరు దాన్ని తప్పించి గడ్డ మొత్తం తీసేశారట! మెలకువ వచ్చాక నాలుక కదపమన్నారు, కుడికి కదిలింది, ఎడమకూ కదిలింది, దేవునికే మహిమ! వెలుతురును చేసినవాడు ఆయన, దాన్ని చదివే తెలివి డాక్టర్లకు ఇచ్చినవాడూ ఆయనే.

మానని పుండును నోట్లో దాచుకున్నవాళ్లు ఈ రోజు మన మధ్య ఉంటే, ప్రార్థన నూనె నుదుటికి రాసుకుని నోరు డాక్టరుకు చూపించండి, మన దేవుణ్ణి నమ్మండి, ఆయన చెయ్యి వదలడు! ఇప్పుడు పల్లవి నేనెత్తుతాను, అందరూ లేచి నాతో పాడండి, మా అత్త తాళం తప్పి మనకంటే ముందే పాడేస్తుంది, ఆమెను మాత్రం ఎవరూ ఆపొద్దు!