అన్న లేని ఇల్లు

బిజర్తె పట్నంలో పాత రేవు వెనక సందులో రధియాది రెండంతస్తుల ఇల్లు. ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు పిండి పిండి మోకాళ్లు అరిగిపోయిన మనిషికి ఆ మెట్లు ఇక పడవని తేలిపోయింది. పక్క ఊరు మెంజెల్ జమీల్‌లో నేలమీదే రెండు గదులు దొరుకుతాయని విని, ఇల్లు అమ్మకానికి పెట్టింది.

ఇంట్లో ఆమె కాక ఉన్నది అన్న తీజాని ఒక్కడే. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. ఒకప్పుడు తీజాని చేపల పడవ మీద పోయేవాడు, ఒడ్డున ఉన్న రోజుల్లో వలలు బాగుచేసేవాడు. ఒక చలికాలం పడవ తిరగబడి, తనొక్కడే ఒడ్డుకు కొట్టుకొచ్చాక మనసు కుదురు తప్పింది. ఎవరికీ హాని చేసే మనిషి కాడు. కాకపోతే ఉన్నట్టుండి మునిగిపోయినవాళ్లను పేరుపెట్టి పిలుస్తాడు, వాళ్లేదో జవాబు చెప్పినట్టు పకపకా నవ్వుతాడు.

దళారి మబ్రూక్ వచ్చి ఇల్లంతా కలియజూశాడు. గోడలకు సున్నం కొట్టించమన్నాడు. తలుపులకు నీలం రంగు తాజాగా వేయాలన్నాడు. మనుషులు వచ్చే వేళకు నారింజపూల నీళ్లు కలిపిన కాఫీ వాసన లోగిలంతా తిరగాలన్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకక్కా. అన్నను మాత్రం కనబడనీకు. ఇంట్లో జిన్ను దయ్యం ఉందని ఒక్క నోరు అన్నదంటే ఈ గడప ఇంకెవడూ తొక్కడు."

రధియాకు కోపం రావలసింది. రాలేదు. తను అనలేకపోతున్న మాట వేరెవరో అన్నందుకు లోపల్లోపల తేలిక పడింది. ఆ సంగతి తనకు తెలిసి, ఆ రోజంతా అన్న ముఖంలోకి చూడకుండా పనులు చేసుకుంది.

సున్నం మాత్రం తీజానే వేశాడు. పొద్దున్నే బ్రష్షు పట్టుకుంటే అన్నం వేళకు కూడా నిచ్చెన దిగేవాడు కాదు. కనుబొమల మీద సున్నపు చుక్కలతో, పడవల పాటలు పాడుకుంటూ, చాలా ఏళ్ల తరవాత పనిలో పడ్డ మనిషిలా కనిపించాడు. గోడలు ఆరగానే రధియా అతని పరుపు, వలలు, పాత చెప్పులు మేడమీద బట్టలుతికే గదిలోకి చేర్చింది. మనుషులు వచ్చినప్పుడు పైనే ఉండాలని, ఎవరైనా ఎదురుపడితే ఇంట్లో లేనట్టే ఉండాలని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. సరేనన్నాడు.

మొదట వచ్చినవాళ్లు ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే, "నేనొక్కదాన్నే," అంది. అంత సులువుగా నోటికి వచ్చినందుకు తనకే భయం వేసింది. వాళ్లకు సందు ఇరుకనిపించి వెళ్లిపోయారు.

తరవాత వసీలా అనే పంతులమ్మ వచ్చింది. లోగిలి నచ్చింది, వంటిల్లు నచ్చింది. మేడ కూడా చూస్తానంది. మెట్లు జారతాయని మబ్రూక్ ఎంత చెప్పినా వినకుండా ఎక్కేసింది. వెనకే మోకాళ్లు పట్టుకుంటూ రధియా.

తీజాని ఎండలో వల పరుచుకుని కూర్చున్నాడు. వాళ్లను చూడగానే లేచి, గుండెమీద చెయ్యి పెట్టుకుని మర్యాదగా సలాం చెప్పాడు.

"నేను ఇక్కడ లేనమ్మా. మా రధియా చెప్పింది. మీరు నిదానంగా చూసుకోండి."

వసీలా నవ్వబోయి ఆగింది. మబ్రూక్ చటుక్కున అందుకుని, సున్నం వేయడానికి కూలికి పిలిచిన మనిషన్నాడు. వసీలా రధియా వైపు చూసింది. రధియా తలూపింది.

"ఔనమ్మా, సున్నం నేనే వేశాను," అన్నాడు తీజాని సంతోషంగా.

"బాగా వేశావు బాబాయ్," అంది వసీలా.

ఆ మెచ్చుకోలుకు ముఖమంతా వెలిగిపోయి, ఆమెను పిట్టగోడ దగ్గరికి పిలుచుకుపోయి తను నున్నగా తీర్చిన అంచులు చూపించసాగాడు. చెల్లెలు తనను కూలివాణ్ణి చేసిందని అతనికి తోచనే లేదు. తోచి తిట్టినా బాగుండుననిపించింది రధియాకు.

"ఆయన మా అన్న," అంది. "ఈ ఇంట్లోనే పుట్టాడు. నేనే దాచాను."

మబ్రూక్ నెత్తి కొట్టుకున్నాడు. వసీలా మాత్రం తీజాని చూపిస్తున్నవన్నీ చివరిదాకా చూసి, అతనొక్కడికే వెళ్లొస్తానని చెప్పి కిందికి దిగింది. కాచిన కాఫీ ముట్టుకోకుండానే వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రమే రధియా అన్న పరుపును మెట్ల మీద ఈడ్చుకుంటూ కిందికి దింపింది. "ఇప్పుడు ఉన్నానా?" అనడిగాడు అన్న. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే. ఆమె వంటింట్లోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది.

వేసవి మొదట్లో ఒక తోలు వ్యాపారి ఇల్లు కొన్నాడు. బేరం మాట్లాడినంతసేపూ తీజాని లోగిలి నడుమ కూర్చుని మునిగిపోయినవాళ్లతో కబుర్లాడుతూనే ఉన్నాడు. వ్యాపారి తన సరుకుకు చోటు చూసుకున్నాడే గాని అతణ్ణి పట్టించుకోలేదు. ఇంత మామూలుగా జరిగిపోయే పనికి తను చేసిందేమిటో తలచుకుంటే రధియాకు సిగ్గుతో చచ్చిపోయినట్టుండేది.

మెంజెల్ జమీల్‌లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు పలకరించడానికి వచ్చినప్పుడు ఆమె తన పేరైనా చెప్పకముందే, "వీడు... ఈయన మా అన్న తీజాని," అని అతణ్ణి ముందుకు తెచ్చింది. అన్నంటే ఎంత ప్రేమో అని వాళ్లు మెచ్చుకున్నారు. ఆమె తలెత్తలేదు.