ఆఖరి రోజు సొంత ముఖంతో

సారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతున్నాను. మా వీధి చివరింటి ఇంగ్లీషు సారు. రిటైరై ఇరవై ఏళ్లు దాటినా మా ఓర్వకల్లు పక్క ఊళ్లన్నింటికీ ఆయన సారే. పొద్దున కాఫీ తాగి, అరుగు మీద తన కుర్చీలో పేపరు చదువుతూ అలాగే పోయారట. నేను చేతిలోని గుడ్డు ఒలవడం పూర్తి చేసి, పాప పళ్లెంలో పెట్టి లేచాను. ఆ పాప నన్ను టీచరని పిలవడం ఆయన చలవే.

సారును తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది పగటివేషాలాయన. ఏటా మా ఊరికి వచ్చి, రోజుకొక వేషం కట్టి ఇంటింటికీ తిరుగుతాడు. పోలీసు వేషం రోజున సారు లేచి సెల్యూట్ కొట్టేవారు.

"లోపల మా ఆవిడ ఉండాది, పట్టుకపోండి సార్. కాఫీలో చక్కెర వేయదు."

"పోతా, పోతా. ఆడన్నా కూర్చోబెట్టి అన్నం పెడతారు" అని మేడం వంటింట్లోంచే జవాబిచ్చేది.

ఆఖరి రోజు మాత్రం వేషాలాయన రంగులన్నీ కడుక్కుని, మామూలు చొక్కాతో వచ్చి, తన పేరూ ఊరూ చెప్పుకుంటాడు. ఊరు ఇచ్చేది ఆ రోజే. సారు చేటనిండా జొన్నలు పోసి, పైన బెల్లం ముక్క పెట్టి, రెండు చేతులతో అందించేవారు.

పన్నెండేళ్ల కిందట నేను ఇదే అంగన్‌వాడీలో ఆయాను. పది పాసైతే టీచరుగా తీసుకుంటామన్నారు. ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టి అన్నీ గట్టెక్కాను, ఇంగ్లీషు మాత్రం రెండుసార్లు పోయింది. ఆ ఏడూ పోతే ఇక నా వయసు దాటిపోతుంది. సారు రోజూ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పేవారు. నాకు మాత్రం ధైర్యం చిక్కలేదు.

రాజంపేటలో ఉండే మా చెల్లెలు డిగ్రీ చదివింది. "నేనొచ్చి రాసిపోతా లేక్కా. మన మొగాలు ఒగటే మాదిరి ఉండాయి, ఎవురికి తెలుస్తాది?" అంది ఫోన్లో. నేను సరేనన్నాను. పైగా అది బాగా రాయాలని మల్లన్నకు మొక్కుకుని సోమవారం ఒక్కపొద్దు ఉన్నాను. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది.

ఇంక పాఠాలు చాలు సార్ అని చెప్పడానికి వెళ్లాను. నాకు అబద్ధం చేతకాదు, రెండు ప్రశ్నలకే అంతా చెప్పేశాను. సారు కోప్పడలేదు.

"ఒక్కపొద్దు నువ్వుంటే, మల్లన్న మార్కులు ఎవురికేస్తాడమ్మా? సరే, పోయే ముందర మూడు మాటలకు అర్థం నేర్చుకుని పో. ఇమిటేషన్ అంటే నీ చెవుల్లోవి. బంగారం మాదిరి ఉండాయి. మేం బంగారమని అవి అంటాండాయా? పాపం, అనవు. మిమిక్రీ అంటే..."

లోపల నుంచి అచ్చం సారు దగ్గే వినిపించింది. దగ్గింది మేడం.

"అదే మిమిక్రీ. ఇంక ఇంపర్సనేషన్. చెప్పు చూద్దాం."

"వేషం కట్టడం, సార్."

"వేషమే. మరి వేషాలాయప్పకు జొన్నలు పెడతాం గదా. మీ చెల్లెలికి ఎందుకు పెట్టకూడదు? ఆలోచించుకుని రేపు రా."

ఇంట్లో గిన్నెలు తోముతున్నా అదే ప్రశ్న. పూజ చేస్తున్నా అదే. మరుసటి రోజు పోయి నిలబడ్డాను.

"ఆయప్ప ఆఖరి దినం సొంత మొగంతో వచ్చి పేరు చెప్తాడు సార్. మా చెల్లెలు అట్ల చెప్పలేదు. నేనూ చెప్పలేను."

సారు పుస్తకం నా ముందుకు జరిపారు. "ముప్పై ఏండ్లు పాఠం చెప్పినా. ఇంత బాగా చెప్పడం నాకే రాలేదు. పుస్తకం తెరువు."

చెల్లెలు వచ్చింది. పరీక్షకు కాదు, నేను పరీక్షకు పోయినప్పుడు నా ఇంట్లో వంట చేయడానికి. "ఇది ఇంపర్సనేషన్ కాదు గదా సార్?" అని అది అడిగితే, "తిన్న మీ బావ చెప్పాల" అన్నారు.

పరీక్ష హాల్లో ఇన్విజిలేటరమ్మ హాల్‌టికెట్టు మీది ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూసింది. నేను తలెత్తి నిలబడ్డాను. ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి. చెప్పడానికి పోతే సారు నన్ను గడపలోనే ఆపారు. "పేరు, ఊరు చెప్పు" అన్నారు. చెప్పాను. లోపలికి పోయి చేటలో జొన్నలు, పైన బెల్లం ముక్క తెచ్చి రెండు చేతులతో ఇచ్చారు. ఆ జొన్నల్లో గుప్పెడు ఇంకా మా దేవుడి గూట్లో ఉన్నాయి.

సారు పోయిన నెలకు వేషాలాయన వచ్చాడు. ఆఖరి రోజు మేడం చేట నా చేతికిచ్చి, "నువ్వు పెట్టమ్మా, ఆయన పెట్టినట్టే" అంది. నా వెనకే అంగన్‌వాడీ పిల్లలు చేరారు.

"ఎవురు టీచర్ ఈయప్ప?"

"నిన్న వచ్చిన పోలీసాయనే."

వాళ్లు నమ్మలేదు. ఆయన తన పేరూ ఊరూ చెప్పి, జొన్నలు మూట కట్టుకున్నాడు. పోతూ పోతూ అరుగు దగ్గర ఆగాడు. రంగు లేదు, టోపీ లేదు. మామూలు చొక్కాలో నిటారుగా నిలబడి, ఆ ఖాళీ కుర్చీకి సెల్యూట్ కొట్టాడు. పిల్లలు అప్పుడు గుర్తుపట్టారు.