ఊరి ప్రేమకు ఓడిన మా చిన్నాయన

ఆ ఎన్నికల నాటికి నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, ఎంతటి ఏడుపునైనా ఒక్క మాటతో నవ్వుగా మార్చగలనన్న నమ్మకం మాత్రం దండిగా ఉండేది. నేరేడుచర్లలో డాక్టరైన మా చిన్నాయన ప్రతిపక్ష పార్టీలో చేరి ఎమ్మెల్యేకు నిలబడ్డాడు. కారణం ఒకటే. కాన్పు కష్టమైతే సూర్యాపేటకో మిర్యాలగూడకో పరుగెత్తాలి. అలా పోతూ పోతూ ఒక నిండు గర్భిణి దారిలోనే, ఆయన చేతుల్లోనే పోయింది. ఆపరేషన్లు చేసే సర్కారు దవాఖానను ఊరికి తెస్తానని ఆ రోజే ఒట్టుపెట్టుకున్నాడు. ప్రచారం బండి నడిపే పని నాకు పడింది.

నిజానికి దాన్ని ప్రచారమనడం కంటే రోగుల్ని చూసే రౌండ్స్ అనడం న్యాయం. చేతులు కలిపితే ఓటరు నాడి చూసేవాడు. ("ఈ ఓటెట్లుంది చిన్నాయనా?" అంటే "షుగరున్నట్టుంది" అనేవాడు.) మందు ఏరులై పారే ఆఖరి వారంలో మైకు పట్టుకుని, "తాగుడు బంద్ చెయ్యుండ్రి, లివర్లు ఖరాబైతయ్" అన్నాడు. కోదాడ నుంచి వచ్చిన పార్టీ పెద్దాయన నెత్తి పట్టుకున్నాడు. "డాక్టరుగారూ, ఓట్లడగండి అంటే పథ్యం చెప్తారేంటండీ?"

"ఈయన బీపీ గూడ సూడు చిన్నాయనా" అన్నాను. చూశాడు. ఎక్కువే ఉంది.

ఓడిపోయాం. చిన్నాయన సొంత దవాఖాన ఉన్న వీధిలో కూడా ఓడిపోయాం. తెల్లారేసరికి షట్టరు ముందు జనం. ఓదార్చడానికి వచ్చారనుకుని చిన్నాయన కళ్ళు తుడుచుకున్నాడు. అందరికంటే ముందున్న గొర్రెలవ్వ (మంద ఆమెది, పేరు మేం పెట్టింది) చెయ్యి చాపింది.

"జర సూడు బిడ్డా, నిన్నటి సంది సలిజరం."

"ఓటు నాకేసినవా అవ్వా?"

"ఎట్లేస్తం? గెలిస్తె హైదరాబాద్ల కూసుంటవ్. మాకు రోగమొస్తె ఎవలు సూడాలె? అందరం ఒక్కమాట మీద అవతలోనికి గుద్దినం. నీ మీద పానం గనుకనే బిడ్డా."

వెనకున్నవాళ్ళంతా ప్రేమగా తలలూపారు. నాకు జోకు దొరకలేదు. చిన్నాయన షట్టరు ఎత్తాడు.

ఆ గుంపులోనే ఉన్న అవ్వ మనవరాలికి, నిండు గర్భిణికి, అప్పుడే నొప్పులు మొదలయ్యాయి. పరీక్ష చేసి బయటికొచ్చిన చిన్నాయన, "బిడ్డ అడ్డం తిరిగింది. సూర్యాపేటకు తీస్కపో, యాడా ఆగకు" అన్నాడు నాతో. ఆయన నవ్వుముఖం పోస్టర్లు ఇంకా అంటుకుని ఉన్న బండిలోనే తీసుకెళ్ళాను. వెనక సీట్లో అవ్వ "ఇంకెంత దూరం?" అని అడుగుతూనే ఉంది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

మళ్ళీ ఎన్నికలొస్తున్నాయి, చిన్నాయన మళ్ళీ నిలబడుతున్నాడు. "ఈసారి నీకే గుద్దుతం, గని ముందుగాల నీ జాగల ఇంకో డాక్టర్ను తెచ్చి కూసోవెట్టు" అంటోంది అవ్వ. ఆపరేషన్ దవాఖాన లేని ఊరికి ఏ డాక్టరూ రానంటున్నాడు. ఆ దవాఖాన రావాలంటే ఈయన గెలవాలి. పోయినసారి ఓట్ల లెక్కింపు నాడు ఇస్త్రీ తెల్లచొక్కా తొడుక్కుని, ఎమ్మెల్యే గారి పీఏనని అద్దంలో తనకు తానే నమస్కారం పెట్టుకున్న కుర్రాణ్ని, అంటే అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఏ చొక్కా వేసుకున్నా సూర్యాపేట దగ్గరికి రాదని వాడికి అప్పుడు తెలియదు పాపం.